రెండో వైపు ఆఖరి దెబ్బ

“ఆ ఆఖరి దెబ్బ తీసేద్దామండీ.”

టేపు మొత్తం విన్నాక అతను అన్న మొదటి మాట అది. పంటి డాక్టరు నోట్లోకి టార్చి వేసి చూసి, ఈ పన్ను పీకేద్దాం అన్నంత తాపీగా అన్నాడు.

“ఏమన్నారు?” అంది ఆమె.

“రెండో వైపు చివర్లో పెద్ద డ్రమ్ము దెబ్బ ఒకటుంది కదా, అది. దాని ముందు వరకూ వచ్చి మెల్లగా తగ్గించేద్దాం. ఎవరికీ తెలీదు.”

“నాకు తెలుస్తుంది.”

“మీరొక్కరే కదా!”

“నేనొక్కదాన్ని చాలు.”

అతను తలెత్తి అప్పుడు సరిగ్గా చూశాడు ఆమెని. జుట్టు చివర్ల నుంచి ఇంకా వాన నీళ్ళు కారుతున్నాయి. చున్నీ తడిసి ముద్దయింది. ఆమె తెచ్చిన టేపు పెట్టె మీద మాత్రం ఒక్క చుక్క లేదు. వేసుకోవలసిన రెయిన్‌కోటు పెట్టెకి చుట్టి తెచ్చింది మరి.

పాత టేపులు బాగుచేయడం ఆమె ఉద్యోగం. జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుపోయిన టేపుల్ని సన్నని వేడి మీద ఆరబెట్టి, అతుకులు ఊడినచోట మళ్ళీ వేసి, ఊపిరి పోసినట్టు పోస్తుంది. రికార్డు కంపెనీలో అందరూ ఆమెను ‘టేపు’ అనే పిలుస్తారు. అతని పని రికార్డు మీద సంగీతం గాడులు కోయడం. లక్క పూసిన పళ్ళెం యంత్రం మీద గిర్రున తిరుగుతుంటే, పైనున్న ముల్లు సంగీతాన్ని వెంట్రుక మందాన గీతగా కోసుకుంటూ పోతుంది. మనిషి కూడా పొడుగ్గా, సన్నగా ఉంటాడు. అందుకని అతని పేరు ‘సూది’. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు ఇద్దరికీ ఉన్నాయి గాని, వాటితో పని పడేది సంతకాలప్పుడే.

టేపులో ఉన్నది ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి సినిమా సంగీతం. ఆ సినిమాలో పాటలు లేవు. ఉన్నదంతా నేపథ్య సంగీతమే, దానికే జనం పడి చచ్చిపోయారు. అప్పట్లో వచ్చిన రికార్డులో సగం సంగీతం లేదు. ఇప్పుడు కంపెనీవాళ్ళు ఉన్నది ఉన్నట్టుగా, పూర్తిగా, కొత్త రికార్డు తెస్తున్నారు. రెండో వైపు అంతా ఒక్కటే ముక్క. ఒంటరి వేణువుతో మొదలై, పంతొమ్మిది నిమిషాల పాటు మెట్టు మెట్టుగా పెరిగి, వాద్యబృందం మొత్తం ఒక్కసారి పైకి లేచి, ఆ మీద ఒకే ఒక్క డ్రమ్ము దెబ్బతో ఆగిపోతుంది.

“చూడండీ,” సూది ఒక కాగితం మీద గుండ్రటి చుట్లు గీశాడు. “రికార్డు అంచు దగ్గర చుట్టు పెద్దది. అక్కడ ఎంత గట్టి శబ్దమైనా కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నది. మీ దెబ్బ వచ్చేసరికి మనం ఇదిగో, మధ్యలో పేరుండే కాగితం బిళ్ళ పక్కనుంటాం. అగ్గిపెట్టెలో ఏనుగుని పడుకోబెట్టమంటే ఎలాగండీ?”

“ఒకసారి కోసి చూడండి.”

“ఎందుకు, వినబుద్ధేసిందా?”

“చూడబుద్ధేసింది.”

కోశాడు. చివరి రెండు నిమిషాలే కోశాడు. తర్వాత మామూలు ముల్లు పెట్టి వినిపించాడు. బృందం పైకి లేచింది, లేచింది, దెబ్బ పడింది. ఆ క్షణాన ముల్లు గాడిలోంచి ఎగిరి, బిళ్ళ మీద పడి, బర్రుమని గీకింది.

“ఇంకోసారి,” అంది ఆమె.

మళ్ళీ ఎగిరింది.

“మూడోసారి కూడా కోయమంటారా? ఒక్కో పళ్ళెం నా ప్రాణం లాంటిదండీ,” అన్నాడు సూది. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, నవ్వుతూ ఇంకో మాట కలిపాడు. “అసలు ఆ కొట్టినాయన ఎవరో గాని, ఆ రోజు ఇంట్లో పెళ్ళాంతో గొడవ పడి వచ్చుంటాడు. డ్రమ్ము మీద చూపించాడు కోపం!”

ఆమె టేపు చుట్ట తీసింది. పెట్టెలో పెట్టింది. మూత వేసింది. రెయిన్‌కోటు మళ్ళీ దానికే చుట్టింది.

“గొడవ పడలేదు,” అంది గుమ్మం దగ్గర ఆగి. “అప్పటికాయనకి పెళ్ళి కూడా కాలేదు. ఆ దెబ్బ కొట్టింది మా నాన్న.”



గుమ్మం పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది. కోత గదిలోకి వచ్చే వాళ్ళంతా ఫోన్లు అందులో వేసి రావాలి. చిన్న కదలిక కూడా గాడిలో పడుతుందని అతని మేనమామ పెట్టిన చట్టం. ఆమె డబ్బాలోంచి తన ఫోను తీసుకుని వానలోకి దిగిపోయింది. వీధి మలుపు దాకా నడిచిందో లేదో, వెనక నుంచి టపటపా అడుగుల చప్పుడు. నల్ల గొడుగొకటి ఆమె చంకలో ఉన్న పెట్టె మీదికి వంగింది.

“నాకేం అక్కర్లేదు,” అంది వెనక్కి చూడకుండా.

“మీక్కాదండీ. టేపుకి.”

అతను తడుస్తున్నాడు. ఆమె తడుస్తోంది. పెట్టె మాత్రం మహారాణిలా గొడుగు కింద ఊరేగింది. బస్టాపు దాకా అలాగే నడిచారు. బస్సెక్కేటప్పుడు గొడుగు పిడి ఆమె చేతిలో పెట్టి, “అనకూడని మాట అన్నాను,” అని వెనక్కి తిరిగి పరుగెత్తాడు. అంత పొడుగు మనిషి నీటిగుంటలు దాటుతూ పరుగెత్తడం కొంగ తత్తరపడ్డట్టుంది. నవ్వు రాబోయింది గాని, ఆమె రానివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ కుట్టుమిషను ముందుంది. నాన్న టీ పెడుతున్నాడు. చిన్నప్పుడు నాన్న చెప్పిన కథ ఆ ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆయనకి ఒక పెద్ద సినిమా బృందంలో వాయించే అవకాశం వచ్చింది. రెండో వైపు ముక్కలో ఆయన వాయించవలసింది నాలుగే దెబ్బలు. ఆఖరి దెబ్బకి ముందు మూడు వందల పన్నెండు ఆవర్తాలు ఊరికే కూర్చోవాలి. లెక్క తప్పకుండా కూర్చోవాలి. కూర్చున్నాడు. కొట్టాడు. సంగీత దర్శకుడు తాళం చూపించే కర్ర దించి, బృందమంతా వినేలా ‘అదీ!’ అన్నాడట.

సినిమా వచ్చింది. చివర్లో పేర్లు పడుతుండగానే హాల్లో తలుపులు తీసేశారు. ఆ దెబ్బ వచ్చే ముక్కని ప్రింటులో ఉంచనే లేదు. రికార్డు వచ్చింది. అందులో దెబ్బ ముందే సంగీతం సన్నగిల్లి ఆగిపోయింది. నాన్న మాట తప్ప సాక్ష్యం లేదు. బంధువులు మొదట్లో నమ్మారు, తర్వాత నవ్వారు, తర్వాత ‘ఆఖరి దెబ్బ’ అని పేరు పెట్టారు. ‘ఆఖరి దెబ్బ వచ్చాడా? కుర్చీ వెయ్యండి!’ అనేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగంలో చేరి, ముప్ఫై ఏళ్ళు చేసి, కూతుర్ని ఆ ఇంట్లో మొదటి డిగ్రీదాన్ని చేశాడు. ఏం చదువుతావమ్మా అంటే శబ్దం చదువుతానంది. ఎందుకని ఆయన అడగలేదు.

నెల కిందట, వేడి మీద ఆరిన ఆ టేపుని మొదటిసారి తిప్పినప్పుడు, పంతొమ్మిదో నిమిషంలో ఆ దెబ్బ విని ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. నాన్నకి చెప్పింది గాని వినిపించలేదు. రికార్డు మీదే వినిపించాలని పట్టు.

“ఏమైంది, మొహం అలా ఉంది?” అన్నాడు నాన్న కప్పు అందిస్తూ.

చెప్పింది. ఆయన నెమ్మదిగా విన్నాడు.

“వదిలెయ్యమ్మా. కుదరనిది వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? నేను కొట్టానని నాకు తెలుసు. నువ్వు విన్నావ్. చాల్లే.”

“చాలదు నాన్నా.”

“దీనికి నీ పోలికే,” అంది అమ్మ మిషను ఆపకుండా. “మూడొందల ఆవర్తాలు ఊరికే కూర్చున్నవాడి కూతురు. ఊరుకుంటుందా?”

సాయంత్రం కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. “అయిదు రోజుల్లో కోత అయిపోవాలమ్మా. కుదరకపోతే చివర్న తగ్గించేసి పంపించెయ్. ఒక్క దెబ్బ కోసం రికార్డు ఆపలేం.”

“అయిదు రోజులున్నాయి కదండీ,” అందామె.

మర్నాడు పొద్దున్నే గొడుగు పట్టుకుని వెళ్ళింది. గొడుగుతో పాటు టేపు పెట్టె కూడా.

“గొడుగు ఇచ్చి పోదామని వచ్చాను.”

“టేపు కూడా వచ్చినట్టుందే,” అన్నాడు సూది.

“అది నన్నొదిలి ఉండదు.”

అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్ల నిండా గుండ్రటి చుట్ల బొమ్మలే. “నిన్నటి మాటకి ఇంకోసారి...”

“క్షమాపణలు గాడిలో పడవు సూది గారూ. పని చూద్దాం.”

“అబ్బో. మా మామయ్య కంటే కఠినంగా ఉన్నారే టేపు గారూ.”

నాలుగు రోజులు చూశారు. గాడుల మధ్య ఎడం పెంచారు, తగ్గించారు. వేణువు దగ్గర చోటు మిగిల్చి దెబ్బ దగ్గర ఖర్చు పెట్టారు. ముల్లు ఎగురుతూనే ఉంది. ఎగిరిన ప్రతిసారీ సూది తల గోక్కునేవాడు, ఆమె ‘ఇంకోసారి’ అనేది. మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని బ్రెడ్డు తినేవాళ్ళు.

“మీరు ఎవరి మీదైనా కోపం వస్తే ఏం చేస్తారు?” అని అడిగాడు ఒకరోజు.

“వాళ్ళ చేత మళ్ళీ చేయిస్తాను.”

“అయితే నా మీద నాలుగు రోజులుగా కోపంగా ఉన్నారన్నమాట.”

“మొదటి రోజు కోపం. మిగతా మూడు రోజులు పని.” పెదవి చివర నవ్వు దాచుకోబోయి, బ్రెడ్డుముక్క నోట్లో పెట్టుకుంది. అతను చూశాడని ఆమెకి తెలుసు. తెలిసిందని అతనికీ తెలిసింది. ఇద్దరూ గబుక్కున రోడ్డు మీద పోతున్న బస్సు కేసి చూశారు.

నాలుగో రోజు సూది వాళ్ళ మామయ్య వచ్చాడు. ఆ యంత్రం ఆయనది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని మేనల్లుడికి అప్పజెప్పాడు. గదిలోకి వస్తూనే బల్ల మీదున్న టేపు పెట్టె చూసి ఆగిపోయాడు. మూత లోపలి వైపు పెన్సిలుతో పాత రాత ఒకటుంది: ‘చివరి దెబ్బకి ముందే ఆపు.’

“ఈ రాత ఎవరిదో మీకేమైనా తెలుసా అండీ?” అని అడిగింది ఆమె. “అప్పుడు కోసినాయన దొరికితే నాలుగు మాటలు అడగాలని ఉంది.”

“అడుగమ్మాయ్,” అన్నాడు ఆయన. “నాదే.”

ఆయన మూత మీది రాతని వేలితో తడిమాడు.

“మూడు పళ్ళేలు పాడుచేశాను. మూడుసార్లూ ముల్లు ఎగిరింది. ఆ కొట్టిన కుర్రాడు రోజూ వచ్చి ఈ మెట్ల మీదే కూర్చునేవాడు. పడుతుందాండీ అని అడిగేవాడు. పడుతుంది బాబూ అన్నాను. తర్వాత నా చేత్తో నేనే తగ్గించేశాను. అతనికి చెప్పడానికి మొహం చెల్లక, వెనక తలుపు నుంచి వెళ్ళిపోయాను.”

“ఆయన మా నాన్న,” అంది ఆమె మెల్లగా.

మామయ్య ఆమె మొహంలోకి చూశాడు. లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. సూది వెనకే వెళ్ళాడు. లోపల నుంచి మాటలు వినిపించాయి. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. “నా బతుకులో అది అటు తిరగలేదురా!” అని మామయ్య గొంతు. “ఇప్పుడు తిరుగుతుంది మామయ్యా!” అని మేనల్లుడి గొంతు. ఇనుప బీరువా తలుపు కిర్రుమంది.

సూది బయటికొచ్చాడు. చేతులకి నూనె.

“టేపు ఇక్కడ వదిలి వెళ్ళండి,” అన్నాడు.

“ఏం చేయబోతున్నారు?”

“అది చెప్పను.”

“చెప్పకుండా టేపు వదలమంటారా? అది మా నాన్న...”

“తెలుసు. మామయ్య ఒక్క షరతు పెట్టాడు. పని అయ్యేదాకా ఎవరికీ ఆశ పెట్టొద్దన్నాడు. ఒకసారి పెట్టి తీసేశాడు కదా, ముప్ఫై ఎనిమిదేళ్ళు మోశాడు. మీరు నన్ను నమ్మితే రేపు కోస్తాను. దెబ్బ తగ్గించను. ఒక్క పిసరు తగ్గించను. కుదరకపోతే నేనే మీ ఇంటికొచ్చి మీ నాన్నగారికి చెప్తాను. ముందు తలుపు నుంచి వచ్చి చెప్తాను.”

ఆమె పెట్టె మీద చెయ్యేసి నిలబడింది. ఆ టేపుని ఇంట్లో తప్ప ఎక్కడా వదల్లేదు ఇన్నాళ్ళూ. వేళ్ళు ఒక్కొక్కటిగా తీసింది.

“తడవనివ్వకండి,” అంది.

“గొడుగు కూడా ఉంచెయ్యండి మరి.”

కోత అయింది. పళ్ళెం ఫ్యాక్టరీకి వెళ్ళింది. మూడు వారాలు అతను ఫోనులో వాన గురించి మాట్లాడాడు, బ్రెడ్డు గురించి మాట్లాడాడు, ఆమె దగ్గిందేమిటని మాట్లాడాడు. రికార్డు మాటెత్తితే మాత్రం ‘వచ్చాక వినండి’ అన్నాడు. ఆ మూడు వారాల్లో ఆమెకి ఇంకొక సంగతి కూడా అర్థమైంది. రికార్డు కోసం ఎంత ఎదురుచూస్తోందో, ఆ ఫోను కోసం కూడా అంతే ఎదురుచూస్తోంది. ఇది మంచికా చెడ్డకా అని ఆలోచించి, ముందు దెబ్బ సంగతి తేలాలి అనుకుంది.

ఒక ఆదివారం పొద్దున ఫ్యాక్టరీ నుంచి నమూనా రికార్డు ఇంటికి వచ్చింది. తెల్ల కవరు, తెల్ల బిళ్ళ, ఎ, బి అని రెండక్షరాలు, జతగా ఒక అంగీకార పత్రం. విని, బాగుంటే ‘అంగీకరించాను’ అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేసిస్తేనే మిగతా రికార్డులు అచ్చవుతాయి.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. “ఇంట్లో వినడానికి చొక్కా ఎందుకూ?” అంది అమ్మ. “బృందంలోకి మాసిన చొక్కాతో వెళ్తానా?” అన్నాడాయన.

మొదటి వైపు అద్దంలా ఉంది. ఇరవై నిమిషాలు ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు. నాన్న రికార్డు తిప్పాడు. గుడ్డతో తుడిచాడు. ముల్లుని అంచు మీద, అలవాటైన చోట, పువ్వు పెట్టినట్టు పెట్టాడు.

టిక్.

టిక్.

టిక్.

వేణువు లేదు. ఏమీ లేదు. ముల్లు ఉన్నచోటే తిరుగుతోంది. ఆయన ఎత్తి మళ్ళీ అంచు మీదే పెట్టాడు. టిక్. టిక్.

“ఖాళీగా వచ్చింది,” అన్నాడు నాన్న. నవ్వడానికి ప్రయత్నించాడు. “పోన్లేమ్మా. దెబ్బ ఒక్కటే పోయేది, ఈసారి మొత్తం పోయింది.”

ఆ నవ్వు చూడలేక ఆమె లేచిపోయింది. సూదికి ఫోను చేసింది. మోగుతోంది, తీయడు. నాలుగుసార్లు చేసింది. “ఒక్క పిసరు తగ్గించనన్నాడు! మొత్తం తగ్గించాడు! నమ్మి వదిలాను, నాది బుద్ధి తక్కువ!” అంటూ గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. కోపం మీద ఎడమ చెప్పు కుడి కాలికి తొడుక్కుని, ఇంకా మండిపడింది.

అమ్మ ఆ ఇంట్లో రికార్డు ప్లేయరుని ఎప్పుడూ తాకలేదు. గీతలు పడతాయని నాన్న తాకనిచ్చేవాడు కాదు. ఇప్పుడెవరూ అడ్డు చెప్పేలా లేరని, రికార్డు తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. నలభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన కళ్ళు ఆవిడవి.

“ఇదేంటే, ఇక్కడేదో రాసుంది!”

“ఎక్కడ?”

“మధ్యలో బిళ్ళ ఉంది చూడూ, దాన్ని ఆనుకుని. చీమ కాళ్ళంత అక్షరాలు.” అమ్మ కళ్ళు చికిలించి చదివింది. “టేపు గారూ... లోపల నుంచి... బయటికి.”

ఆమె గుమ్మం దగ్గర కొయ్యబారిపోయింది.

“లోపల నుంచంటే లోపల నుంచి పెట్టాలేమో!” అంది అమ్మ.

“అలా ఎక్కడైనా ఉంటుందా? రికార్డు ఎప్పుడైనా అంచు నుంచే...” అంటున్నాడు నాన్న.

అమ్మ వినలేదు. రికార్డు తిరిగి పెట్టి, ముల్లు పట్టుకుని, తిన్నగా తెల్ల బిళ్ళ పక్కన దించింది.

వేణువు.

ఒంటరి వేణువు, గదిలో ఎవరో నిద్రలేచి పిలిచినట్టు. ముల్లు లోపల నుంచి బయటికి నడవడం మొదలుపెట్టింది. చుట్టు చుట్టుకీ చోటు పెరుగుతోంది, చోటుతో పాటు సంగీతం పెరుగుతోంది. ఆమె చెప్పులతోనే వచ్చి నేల మీద కూర్చుండిపోయింది. చివరిది పెద్ద దెబ్బ. చివరిది పడవలసిన చోటు పెద్ద చుట్టు. ఏనుగుకి అగ్గిపెట్టె వెతకడం మానేసి, అతను దారినే తిప్పేశాడు!

నాన్న చూపుడువేలు మోకాలి మీద కదులుతోంది. లెక్కపెడుతున్నాడు. పది నిమిషాలు. పదిహేను. వేలు ఆగలేదు. తీగలు లేచాయి, ఇత్తడి వాద్యాలు లేచాయి, ముల్లు అంచుకి చేరింది. ఆయన చెయ్యి గాల్లోకి లేచింది.

దెబ్బ పడింది.

కిటికీ అద్దం జివ్వుమంది. అమ్మ కుట్టుమిషను మీది కత్తెర గలగలమంది. వీధిలో కుక్క మొరిగింది.

ముల్లు అంచు మీద టిక్ టిక్ అంటూ తిరుగుతోంది. ఎవరూ దాన్ని ఎత్తలేదు. నాన్న మొహం అటు తిప్పుకుని ఉన్నాడు. 

“ఒక్క వెంట్రుక ఆలస్యంగా కొట్టాను,” అన్నాడు.

అమ్మ ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. “ముప్ఫై ఎనిమిదేళ్ళు అయ్యాక చెప్తావా ఈ మాట!” అని, చెంగుతో తన కళ్ళు తుడుచుకుంది.

కూతురు అంగీకార పత్రం తీసుకుని అప్పటికే మెట్లు దిగుతోంది. వాన మొదలైంది. గొడుగు అతని దగ్గరే ఉంది. ఫర్వాలేదు, ఈసారి తడవకూడనిదేమీ చేతిలో లేదు. కాగితాన్ని మడిచి లోపల దాచుకుంది.

సూది అప్పుడే కోత గదిలోంచి బయటికొచ్చి, రేకు డబ్బాలో ఫోను చూసుకుని, నాలుగు కాల్స్ చూసి తెల్లబోయి నిలబడ్డాడు. ఎదురుగా వాన కారుతూ ఆమె.

“నమూనా వచ్చింది,” అంది. మొహంలో ఏమీ లేదు.

“విన్నారా?”

“రెండో వైపు ఖాళీ.”

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఖాళీయా? ఫ్యాక్టరీకి పంపిన కవరు మీద కాగితం అంటించాను కదా! లోపల నుంచి పెట్టండని ఇంతింత అక్షరాలతో రాశాను!”

“ఏ కాగితం? తెల్ల కవరులో వచ్చింది.”

“ఫ్యాక్టరీవాళ్ళు కవరు మార్చేసినట్టున్నారు! అయ్యో... మీ నాన్నగారు అంచు నుంచి పెట్టారా? అంటే... ఆయన విన్నారా లేదా?”

ఆమె నవ్వు ఇక ఆపుకోలేకపోయింది. “కాగితం పోయినా మీ చీమ కాళ్ళు మిగిలాయి. అమ్మ చదివింది. నాన్న విన్నాడు. ఒక్క వెంట్రుక ఆలస్యమట.”

సూది గోడకి ఆనుకుని నేల మీదికి జారిపోయాడు. “టేపు గారూ, ఇంకొక్క నిమిషం ఆగుంటే నా గుండె దెబ్బ కూడా ఆఖరిదయ్యేది.”

“ఎలా తిప్పారు యంత్రాన్ని?”

“అందులో కోసే ముల్లుని లోపలికి నడిపేది మరచుట్లున్న పొడుగాటి కడ్డీ. మామయ్య అప్పట్లోనే ఎదురు మర ఉన్న కడ్డీ ఒకటి చేయించాడు. లోపల నుంచి మొదలయ్యే రికార్డు ఎవరు కొంటారయ్యా, పాడైందని వెనక్కి తెస్తారు అని కంపెనీవాళ్ళు కొట్టిపారేశారట. అప్పట్నుంచీ ఏటా నూనె పూసి బీరువాలో దాచుకుంటున్నాడు.”

“ఈసారి కవరు మీద, బిళ్ళ మీద కూడా బాణం గుర్తు అచ్చేయిద్దాం. మేనేజరుతో నేను మాట్లాడతాను.”

“పాపం మేనేజరు.”

ఆమె కాగితం తీసి బల్ల మీద పరిచింది. ‘అంగీకరించాను’ గడిలో టిక్కు పెట్టింది. సంతకం చేయబోతూ ఆగింది. కింద పెన్సిలుతో చేత్తో గీసిన మూడో గడి ఒకటి కనిపించింది. పక్కన ఏమీ రాసి లేదు.

“ఇదేమిటి? అచ్చులో రెండే గళ్ళుంటాయిగా.”

సూది చెవులు ఎర్రబడ్డాయి. “అది... రికార్డుకి సంబంధించింది కాదండీ. కాగితం ఫ్యాక్టరీకి పంపించేముందు గీశాను.”

“దేనికో రాయకుండా టిక్కు పెట్టమంటే ఎలా?”

“రాద్దామనుకున్నాను. చెయ్యి వణికింది. లక్క మీద ఎప్పుడూ వణకలేదు.”

“అయితే నోటితో చెప్పండి. తగ్గించకుండా. ఒక్క పిసరు తగ్గించకుండా.”

అతను లేచి నిలబడ్డాడు. “ఇన్నాళ్ళూ ఈ గదిలో యంత్రం ఆగితే నిశ్శబ్దం బాగుందనిపించేది. ఈ మూడు వారాలూ బాగాలేదు. ఇంకోసారి అనే మనిషి లేదు. నాకు ఆ మనిషి కావాలి. రోజూ కావాలి. పెళ్ళి చేసుకుని, జీవితాంతం ఇంకోసారి, ఇంకోసారి అని ప్రాణం తీయాలి. చెప్పేశాను!”

చివరి ముక్క ఎంత గట్టిగా అన్నాడంటే, గుమ్మం బయట ఎవరో ఉలిక్కిపడ్డారు. అమ్మా నాన్నా. ఒకే గొడుగు కింద, ఆయన ఇంకా ఇస్త్రీ చొక్కాలోనే.

“మొత్తం వినబడిందిలే బాబూ,” అంది అమ్మ.

లోపలి గది తలుపు తెరుచుకుంది. మామయ్య వచ్చాడు. నాన్నని చూశాడు. మెట్ల మీద కూర్చున్న ఇరవై నాలుగేళ్ళ కుర్రాణ్ణి వెతుక్కున్నాడు ఆ మొహంలో. దొరికినట్టుంది.

“ఆ రోజు ఆపింది నేనేనయ్యా,” అన్నాడు వణికే చేతులు రెండూ జోడించి. “పడుతుందని చెప్పి...”

నాన్న “మీరా?” అన్నాడు. “ఇన్నేళ్ళూ ఆ నిర్మాతని తిట్టుకున్నానే! పాపం, అనవసరంగా.”

 నాన్న ఆయన వణికే చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. “పడిందండీ,” అన్నాడు. “చాలా బాగా పడింది. ఆ ఎదురు మర కడ్డీ నాకోసారి చూపిస్తారా?”

ఇద్దరూ యంత్రం వైపు నడిచారు. దారిలో నాన్న ఆగి, బల్ల మీది కాగితం చూశాడు. ఖాళీగా ఉన్న మూడో గడి చూశాడు. పెన్ను పట్టుకుని నిలబడ్డ కూతుర్ని, ఊపిరి బిగబట్టి నిలబడ్డ పొడుగు మనిషిని చూశాడు.

“ఇంకా ఎన్ని ఆవర్తాలమ్మా?” అని అడిగాడు.

“అయిపోయాయి నాన్నా,” అంది ఆమె.

ఒక్క వెంట్రుక కూడా ఆలస్యం చేయకుండా టిక్కు పెట్టింది. పెన్ను కాగితాన్ని చీల్చుకుని, కింద బల్ల మీద కూడా గీత పడింది.